ఫొటో ఏ అడ్రసుకు పంపమంటారు?

మొదటి రోజు, పలాస

పలాస ప్లాట్‌ఫారం మీద కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కోసం చూస్తున్నవాళ్ళలో ఎవరు ఎందాకా పోతారో సామాను చూసి చెప్పేయొచ్చు. భుజాన ఒక్క బ్యాగు వేసుకుని ఫోన్లో తల దూర్చినవాడు విశాఖలో దిగుతాడు. గోనెసంచి మూతి పురికొసతో కుట్టించుకుని, దాని మీదే కూర్చుని, పక్కన కొబ్బరికాయల మూట పెట్టుకున్నవాడు ముంబై దాకా పోతాడు. మధ్యాహ్నం భువనేశ్వర్‌లో బయల్దేరే ఈ బండి శ్రీకాకుళం నుంచి తాండూరు దాకా తెలుగునేలంతా దాటి, షోలాపూర్, పుణే మీదుగా మూడోరోజు తెల్లారకముందే ముంబై చేరుతుంది. సుమారు 1,900 కిలోమీటర్లు.

మాది సోంపేట దగ్గర ఒక ఊరు. ఉండేది హైదరాబాదులో. అక్కడ ఉన్నప్పుడు "ఊరెళ్తున్నా" అంటాను. ఇక్కడికొచ్చాక "హైదరాబాదు వెళ్ళిపోతున్నా" అంటాను. వెళ్ళడానికీ వెళ్ళిపోవడానికీ తేడా మా అమ్మకి బాగా తెలుసు. గుమ్మం దాటుతూ "వెళ్తానమ్మా" అంటే ఊరుకోదు. వెనక్కి పిలవకూడదని తెలిసీ పిలిచి, "వెళ్ళొస్తాను" అనిపించుకుని గాని వదలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసిన రాత్రి మా పెరట్లో కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. అంతకాలం ఆగలేనివాళ్ళు "వెళ్ళొస్తాం" అని చెప్పి ఈ బండెక్కారు. బండి కదిలాక వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో చూడాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఆగస్టు మొదటివారంలో సెలవు పెట్టి, చిన్న కెమెరా, 35 ఎంఎం లెన్సు, నాలుగు బ్యాటరీలు సర్దుకున్నాను.

మొదలే తప్పు చేశాను.

బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో చేతులు రెండూ బోర్లించి పెట్టుకుంది. వేళ్ళ చివరలు బొగ్గు పూసినట్టు నల్లగా, గోళ్ళ పక్కన తోలు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. పలాసలో ఆ చేతులు చూస్తే ఏ పని చేస్తారని ఎవరూ అడగరు. జీడిపిక్క పగలగొడితే పెంకులోంచి చిమ్మే రసం తోలుని కాల్చేస్తుంది. అడక్కుండానే వంగి రెండు ఫొటోలు తీశాను.

"ఏటి బాబూ, సేతులు తీస్తన్నావు? మొకం బాగులేదనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నాకు చెవులు వేడెక్కాయి. క్షమించమని పక్కన కూర్చున్నాక నెమ్మదిగా మాట కలిసింది. ముప్పై ఏళ్ళు పిక్కలు కొట్టిందట. "ఆధార్ మిషను కాడ ఏలుముద్ర పడదు. కళ్ళు సూపించమంటారు," అంది వేళ్ళు నా ముందు ఆడిస్తూ. ముంబైలో కొడుకు ఏసీలు బిగించే పని చేస్తాడు. కోడలు నీళ్ళోసుకుంది. అందుకని వెళ్తోంది. ఇంటికి తాళం వేసి చెవి పక్కింట్లో ఇచ్చింది.

"మొకం తీసుకో. మరి తీసుకుని నువ్వు పట్టుకెళ్ళిపోతావు. నాకేటి మిగుల్తాది?"

న్యాయమైన ప్రశ్నే. ఫొటో కడిగించి పోస్టులో పంపిస్తానన్నాను. ఏ అడ్రసుకి పంపమంటావమ్మా అని అడిగాను. మామూలుగా అడిగిన మాటే. ఆవిడ మాత్రం పట్టాల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. కనీసం ఆర్నెల్లు ముంబైలో ఉంటుంది. ఇక్కడ ఇంటికి తాళం. అయినా చివరికి ఇక్కడి అడ్రసే చెప్పింది. ఎందుకంటే, "బొంబాయిలో పోస్టోడికి నానెవురో తెల్దు."

రూళ్ళ పుస్తకం ఒకటి సంచిలో ఉంది. మొదటి పేజీలో ఆ అడ్రసు రాసుకున్నాను. "మీదే ఊరు?" అని అడిగితే మనవాళ్ళు గబుక్కున పుట్టిన ఊరు చెప్పేస్తారు, ఆ జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది. ఫొటో ఎక్కడికి పంపాలంటే మాత్రం ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఈ ప్రయాణమంతా అదే ప్రశ్న అడగాలని ఆ బెంచీ మీదే అనుకున్నాను.

అదే రాత్రి

నా బెర్తు స్లీపర్లో. విజయనగరం దాటాక జనరల్ బోగీకి వెళ్ళాను, నిలబడే చోటు కూడా లేదు. బాత్రూము పక్క నడవాలో ఆరుగురు కుర్రాళ్ళు, వాళ్ళతో నలభై ఏళ్ళ తండేలు, అంటే బోటు నాయకుడు. గుజరాత్‌లోని వేరావల్ రేవుకి వెళ్తున్నారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అక్కడ బోట్లు గట్టెక్కినప్పుడు మన జాలర్లు ఇంటికొస్తారు, ఆగస్టులో మళ్ళీ బండెక్కుతారు. సొంత సముద్రం ఇంటి ముందే ఉండగా గుజరాత్ సముద్రంలో వేటకి పోవడమేమిటని హైదరాబాదులో నన్ను అడిగినవాళ్ళున్నారు. ఇక్కడి తెప్పకి దొరికేదానితో ఇల్లు గడవదు. అక్కడ బోటు మీద నెలజీతం, ముందే అడ్వాన్సు. ఆ అడ్వాన్సు ఇంటి పైకప్పుకో చెల్లెలి పెళ్ళికో ఖర్చయిపోయాకే కుర్రాడు బయల్దేరతాడు.

వాళ్ళలో అందరికంటే చిన్నవాడు ఇరవై ఏళ్ళవాడు, తలుపు దగ్గర కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు.

"అడ్రసేటన్నా? మాది బోటు. ఒకపాలి ఎల్తే ఇరవై రోజులు నీల మీదే," అన్నాడు. తర్వాత, "అమ్మకి పంపు. నవ్వుతున్నదే పంపు."

నవ్వమన్నాను. రాలేదు. పక్కవాడు చక్కిలిగింతలు పెడితే వచ్చింది. బల్బు వెలుగులో, కెమెరా వెలుగు పట్టే శక్తిని (ఐఎస్ఓ) 6400కి పెంచి తీసిన ఫొటో అది, గింజలు గింజలుగా ఉంది. కాని వాడి పళ్ళకంటుకున్న బిస్కెట్టు కూడా కనిపిస్తోంది.

తండేలు ఫొటో వద్దన్నాడు. సాయంత్రం నుంచి ఒక్కమాట మాట్లాడని మనిషి, నేను లేచేటప్పుడు తనంతట తానే చెప్పాడు. 2018 నవంబరులో మనవాళ్ళు వేరావల్ బోట్ల మీద వెళ్ళి పాకిస్తాన్‌వాళ్ళకి చిక్కినప్పుడు టీవీల్లో వాళ్ళ ఫొటోలే తిరిగాయట. 2020 జనవరిలో ఇరవైమంది వాఘా దాటి వచ్చేదాకా ఇళ్ళల్లో ఆ ఫొటోలు పెట్టుకునే ఏడ్చారట. "ఫొటో అంటే మావోళ్ళకి అదే గేపకం," అన్నాడు. కెమెరా సంచిలో పెట్టేశాను.

విశాఖలో ఇంజను తీసి రెండో చివర తగిలించారు. పలాస నుంచి ముందుకు చూస్తూ వచ్చినవాళ్ళంతా ఇప్పుడు వెనక్కి ప్రయాణం చేస్తున్నారు. ఎవరికీ పట్టలేదు. జీడిపిక్కలావిడ కూర్చున్న బోగీకి వెళ్తే కిటికీ పక్క సీట్లో నిద్రపోతోంది, వేళ్ళు రెండు చంకల్లోనూ దాచుకుని.

1938 నుంచి 1941 దాకా వాకర్ ఎవాన్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ సబ్‌వేలో కోటు బొత్తాల మధ్య కెమెరా దాచి, ఎదుటి సీటు వాళ్ళని వాళ్ళకి తెలియకుండా తీశాడు. గొప్ప ఫొటోలే, కాదనను. మన స్లీపర్ బోగీలో ఆ పప్పులేం ఉడకవు. కెమెరా తీయగానే ముగ్గురు దగ్గరికొచ్చి తెరలోకి చూస్తారు, ఇద్దరు సలహా ఇస్తారు, ఒకరు పులిహోర పెడతారు.

రెండో రోజు

గోదావరి నిద్రలోనే దాటిపోయింది. విజయవాడలో టీ తాగాను, అంతే. ఖమ్మం దాకా తీసినవాటిలో ఒక్కటీ పనికిరాదు. పగటివెలుగులో కిటికీ ముందు కూర్చున్న మనిషి నల్లటి బొమ్మైపోతాడని పదేళ్ళుగా తెలిసీ నలభై ఫొటోలు పాడుచేశాను.

కాజీపేటలో ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. భివండిలో పవర్‌లూమ్ జాబరు. మగ్గం మొరాయిస్తే బాగుచేసే మనిషి. సిరిసిల్ల దగ్గర దశదినకర్మకి వచ్చి తిరిగి పోతున్నాడు. నా ప్రశ్న వినగానే పెన్ను తీశాడు, రాయలేదు.

"ఊరి పేరు రాస్త. కని ఆడికి పోస్టు పోదు. మా ఊరు మిడ్ మానేరుల మునిగింది. పునరావాస కాలనీల ప్లాటు నంబరున్నది. గది ఇల్లయితది గని ఊరైతదా?"

తండ్రి 1960లలో లోయర్ పరేల్ మిల్లులో పనికి చేరాడట. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షలమంది మగ్గాలు దిగారు. చాలా మిల్లులు మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. ఆ దెబ్బకి వాళ్ళ ఇల్లు భివండికి మారింది, తండ్రి అక్కడే పోయాడు. "ఊరికి పోదాం, ఊరికి పోదాం" అంటూనే పోయాడట. ఊరేమో ఆయన తర్వాత పోయింది.

ముంబైలో తెలుగువాళ్ళ చరిత్ర మిల్లులకంటే పాతది. నిజాం ఇలాకా నుంచి వెళ్ళి నగరాన్ని కట్టిన కమాఠీల పేరే కామాఠిపురాకి నిలిచింది. ఆ పేట పేరు ఇప్పుడు ఇంకో అర్థంలో వినబడుతుంది, రాళ్ళు మోసిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఈ మాట నేనంటే పెద్దాయన తలూపి, పుస్తకంలో నెమ్మదిగా రాశాడు: పద్మనగర్, భివండి. కింద ఒక గీత గీసి, మునిగిన ఊరి పేరు కూడా రాశాడు. "ఊకెనే," అన్నాడు.

సికింద్రాబాదులో సగం బోగీ ఖాళీ అయి మళ్ళీ నిండింది. నేను రోజూ తిరిగే ఊళ్ళో పావుగంట ప్లాట్‌ఫారం మీద నిలబడితే, పరాయివాడిలా ఉంది. దిగిపోతే మెట్రోలో అరగంటలో నా గది. దిగలేదు. పేజీ తిప్పి నా అడ్రసు రాసుకుందామని పెన్ను తీసి, అద్దె ఒప్పందం వచ్చే నెలతో అయిపోతుందని గుర్తొచ్చి మూసేశాను.

తాండూరులో పాలమూరు వైపు వలస కుటుంబం ఒకటి ఎక్కింది. ముగ్గురు పిల్లలు, తట్టలు, పార, ఒక కోడిపెట్ట. పుణేలో కట్టుబడి పని. అడ్రసు అడిగితే ఆ ఇంటాయన మేస్త్రీ ఫోన్ నంబరు ఇచ్చాడు.

షోలాపూర్ వెళ్ళే అవ్వా మనవరాలూ మా బోగీలోనే సికింద్రాబాదులో ఎక్కారు. సాయంత్రం దాకా గమనించలేదు. అవ్వ తెలుగులో అడిగితే పిల్ల మరాఠీలో జవాబు చెప్పేది, ఎవరో ఫోన్ చేస్తే ఇద్దరూ హిందీలో మాట్లాడారు. వాడి జంక్షన్ దాటాక ఎండ వాలింది. అవ్వ మొహం మీద ఏటవాలు వెలుగు పడి, బుగ్గల మీద పచ్చబొట్టు చుక్కలు తేలాయి. అడిగి తీశాను. ఆవిడ కూర్చున్న తీరులో కాని చూపులో కాని ఎక్కడా ప్రయాణం చేస్తున్న ఛాయ లేదు. ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

ఇక్కడ నోరు జారాను. "మీ సొంతూరు ఏదవ్వా?" అన్నాను.

"సొంతూరేంది? షోలాపురే మా ఊరు. మా అవ్వ ఆడనే పుట్టింది. నువ్వు యాడోడివి?"

షోలాపూర్ దుప్పటి కప్పుకోని తెలుగిల్లు ఉండదు. ఆ దుప్పట్లు నేసిన చేతుల్లో ఎన్నో పద్మశాలీలవని చాలామందికి తెలియదు. అక్కడ పాత మిల్లు 1877 నాటిది. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడుతూ తరాలు గడిపారు. అవ్వ ఇప్పటికీ చుడుతుంది. ఎలా చుడతారో చూపించమంటే బస్సు టికెట్టు ముక్క తీసుకుని, చూపుడువేలితో మడిచి, బొటనవేలి గోరుతో అంచు నొక్కి, రెప్పపాటులో గొట్టంలా చుట్టి నా చేతిలో పెట్టింది. టికెట్టు కరీంనగర్ నుంచి సికింద్రాబాదుకి. బంధువుల ఇంటికి వెళ్ళొస్తున్నారు. ఆ చుట్ట ఇప్పటికీ కెమెరా సంచిలో ఉంది.

ఫొటో కావాలంటే అడ్రసు చెప్పమన్నాను. అవ్వకి చదువు రాదు. పిల్ల పుస్తకం లాక్కుంది. ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి, మరాఠీ మీడియంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు. అయినా తెలుగులోనే రాస్తానంటూ కిటికీ వైపు తిరిగి, బండి ఊగుతుంటే, నాలుగైదు వరుసలు దేవనాగరిలో గీకి పుస్తకం మూసి ఇచ్చింది. నేను తెరవబోతే "ఎనుక చదువుండ్రి" అంది.

స్టేషన్లో దిగేటప్పుడు అవ్వ నాకు చెప్పింది, "పోయొస్తం." దిగి ఇంటికి పోయేవాళ్ళు బండిలో మిగిలినవాడికి చెప్పే మాట కాదది. అలవాటు మాట. కాని వినడానికి బాగుంది.

మూడో రోజు, నాలుగో రోజు

ముంబైలో రెండు రోజుల గురించి పెద్దగా రాయడానికి లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో దిగాను. 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టిన భవనం, 2004 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. రాతిలో చెక్కిన నెమళ్ళని తీసేవాళ్ళు చాలామంది ఉంటారు. కింద పేపర్లు పరుచుకుని పడుకున్నవాళ్ళ కోసం వచ్చాను నేను. నిద్రపోయేవాళ్ళని ఎలా అడుగుతాను? పలాస బెంచీ గుర్తొచ్చి తీయలేదు. జీడిపిక్కలావిడ ముందే కళ్యాణ్‌లో దిగిపోయింది, కొడుకు వచ్చాడు. గోనెసంచిని వాడు ఎత్తుకున్నాడు, కొబ్బరికాయలు మాత్రం ఆవిడ ఇవ్వలేదు.

బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సాల్గాడో 1995లో ఇక్కడి చర్చ్‌గేట్ స్టేషన్లో తీసిన ఫొటో ఒకటుంది. రెండు రైళ్ళ మధ్య జనం ప్రవాహంలా కదిలిపోతుంటారు. అదే చోట నేనూ షట్టరు వేగం తగ్గించి ప్రయత్నించాను. ఆయన ఫొటోలో నది ఉంది. నాదాంట్లో సంగటి ముద్ద ఉంది. కారణం తర్వాత తోచింది. రెండు రోజులుగా ఒక్కొక్క మనిషి అడ్రసు రాసుకుని వచ్చినవాణ్ణి, ఒక్కసారిగా వేలమందిని చూసి ఎవర్నీ చూడలేకపోయాను.

నాలుగోరోజు భివండి వెళ్ళాను, పెద్దాయన రమ్మన్నాడని. పద్మనగర్ సందులో తెలుగు మాటలు వినబడ్డాయి, వాటిని మించి మగ్గాల చప్పుడు. ఇంట్లో మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. ఆయన భార్య సర్వపిండి పెట్టింది. గోడ మీద తండ్రి ఫొటో, దాని పక్కన నీళ్ళల్లోంచి తేలిన గుడి శిఖరం ఫొటో, రెండింటికీ దండలు.

ఐదో రోజు, తిరుగు బండి

అదే కోణార్క్, మధ్యాహ్నం బయల్దేరింది. ఇప్పుడు సామాను మారింది. గోనెసంచులూ కొబ్బరికాయలూ లేవు. అట్టపెట్టెల్లో మిక్సీలు, ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టినవి, ఒకడి ఒళ్ళో గోడగడియారం. పోయేటప్పుడు ఊరిని మోసుకుపోయారు, వచ్చేటప్పుడు నగరాన్ని మోసుకొస్తున్నారు. గడియారం కుర్రాడి ఫొటో తీశాను. అడ్రసు అడక్కుండానే చెప్పాడు, ఇచ్ఛాపురం దగ్గర. పెట్టె తెరిచి చూపించాడు కూడా. ముల్లు తిరుగుతూనే ఉంది.

పుణే దాటాక చీకటి పడింది. పుస్తకం తీశాను. పేజీలు లెక్కపెడితే ఇరవై ఏడు అడ్రసులు. షోలాపూర్ పిల్ల రాసిన పేజీ దగ్గర ఆగిపోయాను. పదో తరగతిలో హిందీకి ఇరవై మార్కులు చాలని ఇరవై రెండుతో గట్టెక్కినవాణ్ణి. అచ్చు అక్షరాలు కూడబలుక్కోగలను. ఆ గీతల్లో షోలాపూర్ అన్న మాట ఒక్కటే తేలింది.

ఎదురు సీట్లో తెల్లటోపీ పెద్దాయన షోలాపూర్ పోతున్నాడు. మరాఠీ తప్ప వేరే భాష వచ్చినట్టు లేదు. పుస్తకం చూపించి, చదివి పెట్టమని సైగ చేశాను. కళ్ళజోడు సరిచేసుకుని చదవడం మొదలెట్టాడు. అడ్రసు వరకు గడగడా చదివాడు. తర్వాత ఆగాడు. అక్షరాలు ఆయనవే, మాటలు ఆయనవి కావు. వేలు పెట్టి, చిన్నపిల్లాడు ఎక్కం చదివినట్టు, ఒక్కొక్కటీ పలికాడు.

"ఫోటో... రెండు... పంపుండ్రి. ఒకటి... అవ్వకు."

పక్క బెర్తు మీద గడియారం కుర్రాడు లేచి కూర్చున్నాడు. మరాఠీ పెద్దాయన నోట తెలుగు విని నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. పెద్దాయనకి తను ఏం చదువుతున్నాడో తెలియదు, నాకేమో చదవడం రాదు.

"గీ అడ్రస్... దివాళి... దాంకనే."

దివాళి దగ్గర పెద్దాయన మొహం వెలిగింది. ఒక మాట దొరికింది. వేలు ముందుకు జరిపాడు.

"ఎనుక... నా... లగ్గం."

ఆగాడు. మళ్ళీ చూశాడు. "లగ్న?" అని నన్ను అడిగాడు. తలూపాను. "దివాళీ! లగ్న!" అని బోగీ అంతా వినబడేలా అని, పుస్తకం నా వైపు తిప్పి, ఆఖరి మాట తనే చదివాడు.

"గప్పుడు... భివండి."

ఆయన చేత మరోసారి చదివించుకుని కింద తెలుగులో రాసుకున్నాను. ఫొటోలు దీపావళిలోపు పంపాలి. భివండిలో ఏ వీధో, ఏ ఇల్లో రాయలేదు. ఆ పిల్లకీ ఇంకా తెలియదేమో.